పిట్టదెబ్బ అని రాశాను

తుపాకి దెబ్బ తిన్నవాడు గుండె పట్టుకుని నేల మీదికి ఒరిగిపోతాడని జనం అనుకుంటారు. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది అలా ఒరగలేదు. మా ఆస్పత్రి వరండాలో బల్ల మీద వీపు తిప్పి కూర్చుని, "బిన్నా కానీ నర్సమ్మా, పడవ ఎండలో ఉండాది" అని నన్నే తొందరపెట్టేవాళ్లు.

అరవైల్లో నేను పనిచేసిన ఆ మిషన్ ఆస్పత్రి పులికాట్ సరస్సుకు రెండు మైళ్ల ఇవతల ఉండేది. ఇరవై మంచాలు, ఒక డాక్టరుగారు, ఒక కాంపౌండరు, ముగ్గురం నర్సులం. ఎక్స్‌రే కావాలంటే నెల్లూరు పోవాలి. నాది చిల్లకూరు పక్క పల్లె. మా నాన్న బడిపంతులు, ఆదివారం చర్చిలో వాక్యం చదివేవాడు. నర్సు ట్రైనింగ్ అయ్యాక నన్ను ఇక్కడ వేశారు. ముగ్గురిలో పెద్దదాన్ని నేనే, అంటే ఇరవయ్యారేళ్లు. డాక్టరుగారు ఊళ్లో లేనప్పుడు కుట్లు వేసేది నేను, చీము తీసేది నేను, రిజిస్టరు రాసేదీ నేను. నాకు పొగరని వాళ్లూ వీళ్లూ అనేవాళ్లు. ఉండేది. పని వచ్చినవాళ్లకు కాస్త ఉంటుంది.

కార్తీకం దాటితే సరస్సులోకి పక్షులు దిగేవి. వాటి వెనకే తుపాకులూ దిగేవి. మద్రాసు నుంచి జీపుల్లో వచ్చే పెద్దమనుషుల దగ్గర జంట గొట్టాల తుపాకులు, చుట్టుపక్కల ఊళ్ల వాళ్ల దగ్గర మందు కూరి పేల్చే నాటు తుపాకులు. సరస్సు లోతు తక్కువ. చేపలు పట్టేవాళ్లు తొడల్లోతు నీళ్లలో నిలబడి వలలు లాగుతుంటే వాళ్ల తలల మీదుగా బాతులు లేచేవి. పిట్ట మీద కన్నున్నవాడికి మనిషి కనపడడు. ప్రతి చలికాలం ముగ్గురో నలుగురో మా దగ్గరికి వచ్చేవాళ్లు. ఆ గాయాన్ని మేం పిట్టదెబ్బ అనేవాళ్లం.

పిట్టదెబ్బ చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ గట్టిది కాదు. దూరం నుంచి వచ్చిన సన్న సీసపు గుళ్లు చర్మం కింద ఆవాలు చల్లినట్టు పరుచుకుంటాయి. పైకి కనిపించేవాటిని తీసేసి, కడిగి, చినిగినచోట ఒకటో రెండో కుట్లు వేసి, పెన్సిలిన్ ఇచ్చేవాళ్లం. లోతుకు పోయినవాటి జోలికి పోయేవాళ్లం కాదు. "ఉండనివ్వండి సిస్టర్, వాటినేమైనా అద్దె అడుగుతామా" అనేవారు డాక్టరుగారు. ఆయన జోకులన్నీ అలాగే ఉండేవి. కంటికి తగిలితే తప్ప, పది రోజుల్లో మనిషి మళ్లీ నీళ్లలో ఉండేవాడు.

కాల్చినవాడు పారిపోకూడదు. అది ఆ సరస్సు కట్టుబాటు. దెబ్బ తిన్నవాణ్ణి తనే భుజాన వేసుకుని పడవ ఎక్కించి తేవాలి. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ తనే గంజి కాచి పొయ్యాలి, రక్తం గుడ్డలు ఉతకాలి. ఆ మనిషి లేచి మళ్లీ వల పట్టేదాకా తన పాలు చేపల్లో సగం, చేపలు పట్టనివాడైతే డబ్బు, వాళ్లింటికి పంపాలి. మద్రాసు పెద్దమనుషులు కూడా దీన్ని తప్పించుకోలేకపోయేవాళ్లు. ఒకాయన బూట్లు విప్పి మా వరండాలో గొంతుకూర్చుని కిరసనాయిలు పొయ్యి మీద గంజి మాడబెట్టడం నేను కళ్లారా చూశాను. మేం ముగ్గురం తలుపు చాటున నిలబడి నవ్వుకున్నాం. ఇంత చేశాక ఇంక కేసు అన్న మాట ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

తుపాకి దెబ్బ వస్తే పోలీసు స్టేషనుకు కాగితం పంపాలి. అది రూలు. పిట్టదెబ్బకు పంపక్కర్లేదు. అది మా రూలు. రిజిస్టరులో "బాతుల వేటలో పొరపాటున" అని ఒక వరస రాస్తే సరిపోయేది. స్టేషను వాళ్లూ ఏమీ అనేవాళ్లు కాదు, వాళ్లకూ బాతు కూర అందేది.

పోలీసు తూటా దెబ్బ మాత్రం నేను అప్పటికి చూడలేదు. విన్నాను. ట్రైనింగులో మాకు పాఠం చెప్పిన ముసలావిడ యుద్ధకాలంలో సైనికుల ఆస్పత్రిలో పనిచేసి వచ్చిన మనిషి. ఆవిడ ఒక్కటే మాట పదేపదే చెప్పేది. తూటా లోపలికి పోతూ పోతూ గుడ్డపీలికను, మట్టిని వెంట తీసుకుపోతుంది. అందుకని ఆ గాయాన్ని కోసి, వెడల్పు చేసి, శుభ్రం చేసి, తెరిచి ఉంచాలి. మూసి కుట్టావా, లోపల కుళ్లు పెట్టి పెంచినట్టే. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. నాకు పూర్తి మార్కులు పడ్డాయి.

ఒక ఏడాది బియ్యం దొరకలేదు. ఇక్కడ పండిన బియ్యమే లారీల్లో మద్రాసు వైపు పోతుంటే ఇక్కడివాళ్లు బస్తా సంచీలు పట్టుకుని వరసల్లో నిలబడేవాళ్లు. రోడ్డు మీదుండే ఊళ్లో, మాకు ఐదు మైళ్లు, ఒక పొద్దున జనం రైల్వే గేటు దగ్గర లారీలను ఆపేశారు. రాళ్లు పడ్డాయన్నారు. పోలీసులు కాల్చారు. ఒకడు అక్కడికక్కడే పోయాడు. కింద పడినవాళ్లను పోలీసులే వ్యానులో వేసుకుని నెల్లూరు తీసుకుపోయారు. లేచి పరిగెత్తగలిగినవాళ్లు పరిగెత్తారు. మా కాంపౌండరు సైకిలు మీద పోయి విని వచ్చి ఇదంతా చెప్పాడు. మేం అయ్యో అనుకుని మా పని చేసుకున్నాం. డాక్టరుగారు ఆ రెండు రోజులూ సూళ్లూరుపేట పక్క పల్లెల్లో కలరా సూదులు వేయడానికి పోయి ఉన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురు వచ్చారు. ముప్పై ఏళ్ల మనిషిని పడవ పలక మీద పడుకోబెట్టి మోసుకొచ్చారు. తల వైపు అతని భార్య. కాళ్ల వైపు ఆమె అన్న. ముగ్గురూ సరస్సు అవతలి గట్టు పల్లెవాళ్లు, చేపల మీద బతికేవాళ్లు.

"ఏమైంది?" అన్నాను.

"పిట్టదెబ్బ నర్సమ్మా. నేనే కాల్చినాను. బాతుల మీదికి పేలిస్తే మా బావకి తగిలినాది" అన్నాడు ఆ అన్న. చెప్పింది నాకైనా చూసేది నేల వైపు.

"ఎప్పుడు?"

"ఈ పొద్దున్నే."

గుడ్డ విప్పాను. పసుపు, కాఫీపొడి కలిపి కూరారు. రక్తంతో కలిసి అది అట్ట కట్టి, నిన్నటిది అని తనే చెబుతోంది. పొద్దున తగిలిన దెబ్బకు నిన్నటి రక్తం ఎక్కడిదని నేను అడగలేదు. తడిపి తడిపి ఊడదీశాను. కుడికాలు, వెనక వైపు, మోకాలికి నాలుగు వేళ్ల పైన ఒకటే రంధ్రం. చిటికెన వేలు దూరేంత. అంచులు గుండ్రంగా, శుభ్రంగా ఉన్నాయి. ముందు వైపు చూశాను, ఏమీ లేదు. పోయింది లోపలే ఉంది.

దూరం నుంచి తగిలిన పిట్టదెబ్బకు పదో ఇరవయ్యో రంధ్రాలు ఉంటాయి. దగ్గర నుంచి తగిలితే ఒకటే గుంట పడుతుంది గానీ అది చిందరవందరగా ఉంటుంది, చుట్టూ మందు కాలిన నలుపు ఉంటుంది. ఇక్కడ నలుపు లేదు. నేను అప్పటికి ఐదు చలికాలాలుగా ఆ గాయాలు చూస్తున్నాను. నాకు తెలిసిపోయింది. తెలియలేదని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాకు నేను చెప్పుకోలేదు.

"బాతులకు వీపు చూపించి ఎందుకు పరిగెత్తావయ్యా?" అన్నాను అతనితో. నా నోరు అలాంటిది.

అతను కళ్లు మూసుకున్నాడు. భార్య నా పక్కకు వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఏడవలేదు, దండం పెట్టలేదు.

"సంచి తీసుకుని బియ్యానికి పోయినాడు, అంతే" అంది నాకు మాత్రమే వినపడేలా. "మా పక్క వాళ్లను ఇద్దర్ని పట్టుకుపోయినారు. ఏం చేసినారో తెలీదు. మీరు పిట్టదెబ్బ అనే రాయండి నర్సమ్మా. మా అన్న ఒప్పుకుంటా ఉండాడు కదా."

ఆ పల్లెలో కూర్చుని ముందే ఆలోచించుకుని వచ్చారన్నమాట. ఏ ఊరివాళ్లయినా తూటా దెబ్బను దాచాలంటే కొడవలి తెగిందనో, కమ్మీ గుచ్చుకుందనో చెబుతారు. వీళ్లకు మాత్రం తుపాకి దెబ్బను తుపాకి దెబ్బ కిందే దాచే వీలుంది. కాల్చినవాడు ఒకడు ఉండాలి, వాడు ఆస్పత్రిలో గంజి కాయాలి. అందుకు ఆమె అన్న సిద్ధపడి వచ్చాడు.

రిజిస్టరు తెచ్చుకుని రాశాను. కుడి తొడ వెనక, బాతుల వేటలో పొరపాటున.

రాసిన తర్వాత, రాసినదానికి తగ్గట్టు గాయం కనపడాలి కదా. పిట్టదెబ్బను మేం తెరిచి ఉంచం. ఉంచితే డాక్టరుగారు ఎందుకని అడుగుతారు. నేను సలాక పెట్టి చూశాను, వేలెడు లోతు పోయింది. దేనికీ తగల్లేదు. ఇంకా లోపలికి నెట్టడానికి భయమేసి తీసేశాను. పైన కడిగి, ధనుర్వాతం సూది వేసి, రెండు కుట్లు వేసి మూసేశాను. నా కుట్లు చక్కగా పడతాయి. ఆ రోజూ చక్కగానే పడ్డాయి.

మరుసటి పొద్దున డాక్టరుగారు వచ్చారు. ఆయన కంటే ముందు ఒక కానిస్టేబులు వచ్చి గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గేటు దగ్గర గొడవ తర్వాత తుపాకి దెబ్బలతో ఎవరైనా వచ్చారా అని అడగడానికి వచ్చాడు. డాక్టరుగారు రిజిస్టరు తిప్పి నా వరస మీద వేలు పెట్టారు.

"పిట్టదెబ్బేనా సిస్టర్?"

"అవునండి."

"కాల్చినవాడు?"

"వరండాలో గంజి కాస్తున్నాడండి."

కానిస్టేబులు తొంగిచూశాడు. ఆమె అన్న పొయ్యి ముందు కూర్చుని ఊదుతున్నాడు. కళ్లు పొగకు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి. తప్పు చేసి ఏడుస్తున్నవాడిలాగే ఉన్నాడు. కానిస్టేబులు టీ తాగి వెళ్లిపోయాడు.

అతను పోయాక నేను డాక్టరుగారికి చెప్పొచ్చు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఆయన చేతులు కడుక్కుంటున్నారు, తువ్వాలు అందించింది నేనే. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో చాలా రకాలుగా చెప్పుకున్నాను తర్వాత. ఆయన అబద్ధం ఆడని మనిషి, చెబితే కాగితం రాసి స్టేషనుకు పంపుతారు, అతన్ని తీసుకుపోతారు. అది నిజమే. కానీ అసలు సంగతి అది కాదు. ఒక్క క్షణం కింద ఆయన ముఖం మీదే అవునండి అన్నాను. ఇప్పుడు కాదండి అనాలంటే నాకు సిగ్గేసింది. పెన్సిలిన్ పడుతోంది కదా, జైలు కంటే జ్వరం మేలు కదా అనుకున్నాను. రేపు కట్టు విప్పినప్పుడు చూద్దాం అనుకున్నాను. ఆయన మంచం దాకా వచ్చి, నాడి చూసి, కట్టు పైనుంచే చూసి, "ఈసారి బావని వదిలి బాతుని కొట్టవయ్యా" అని ఆ అన్నతో అని మిగతా మంచాల వైపు పోయారు.

ఆ మాట వార్డంతా పట్టుకుంది. పక్క మంచాల వాళ్లు అతన్ని ఆటపట్టించారు. "ఏమబ్బా, రేపు నీ చెల్లెల్ని చూసి కొంగ అనుకోవు కదా" అనేవాళ్లు. అతను నవ్వేవాడు. చేయని తప్పుకు గంజి కాచాడు, గుడ్డలు ఉతికాడు, బెడ్‌పాన్ ఎత్తాడు. నిజంగా కాల్చినవాళ్లెవరూ అంత శ్రద్ధగా చేయగా నేను చూడలేదు.

ఆ సాయంత్రం కాలు బిగుసుకుంటోందని రోగి అన్నాడు. కట్టు బిగుతైందేమో అని వదులు చేశాను. మరునాడు జ్వరం నూటమూడు. నాడి దానికంటే వేగంగా ఉంది. ముఖం పాలిపోయింది. కట్టు విప్పితే ముందు వాసన తగిలింది. చచ్చిన ఎలుక వాసనలా ఉంటుంది గానీ అందులో ఒక తియ్యదనం ఉంటుంది. కుట్ల చుట్టూ చర్మం కంచు రంగుకు తిరిగింది. దాని మీద వేళ్లు పెట్టి నొక్కాను. కింద ఎండుటాకులు నలిగినట్టు చిటపటమంది. పుస్తకంలో గ్యాస్ గాంగ్రీన్ అని చదివినదాన్ని చేత్తో ముట్టుకోవడం అదే మొదటిసారి.

డాక్టరుగారి దగ్గరికి నడిచిపోయాను. పరిగెత్తలేదు. అంతా చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఆయన వింటూ వింటూ లేచి నిలబడ్డారు. "థియేటరు సిద్ధం చేయండి" అన్నారు.

నా కుట్లు ఆయనే తెంచారు. లోపల కండ ఉడికిన మాంసం రంగులో ఉంది, రక్తం రావడం లేదు. ఎముకను ఆనుకుని తూటా ఉంది, దాని చుట్టూ చుట్టుకుని అతని పంచె పీలిక. ఆ పీలిక అంచున నీలం చార ఇంకా తెలుస్తోంది. ఆయన తూటాను ట్రేలో వేసి, దాని వైపు కాసేపు చూసి, "ముందు చెప్పి ఉంటే కోసి శుభ్రం చేసేవాణ్ణి సిస్టర్" అన్నారు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆయనకు కోపం రాలేదు, ఉన్న సంగతి చెప్పారంతే. తర్వాత తొడ మధ్యకు కాలు తీసేశారు.

కాలు పట్టుకోవాల్సింది నేను. అది నా చేతుల్లోకి వచ్చేసింది. కాలు చాలా బరువుంటుంది. మనిషికి ఉన్నంతకాలం ఆ సంగతి తెలియదు. పాదం మీద సరస్సు ఉప్పునీటికి తెల్లబడిన పగుళ్లు ఉన్నాయి. గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, ఆయన అడిగిన దారం అందించాను. నాకు ఏడుపు రాలేదు. భయమూ వేయలేదు. చెవుల్లో నీళ్లు పోయినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది. అది కొన్ని రోజులు ఉంది. కొన్ని రోజులు అంటున్నాను గానీ పూర్తిగా పోయిందని చెప్పలేను.

అతను బతికాడు. ఆ జబ్బు వచ్చినవాళ్లు బతకడమే గొప్ప. ఐదు వారాలు మా దగ్గర ఉన్నాడు. డాక్టరుగారు రిజిస్టరులో నా వరస కొట్టేయలేదు. దాని కింద "కాలు కుళ్లినందున తొలగించబడింది" అని మాత్రం రాసి సంతకం పెట్టారు. అబద్ధం ఆడని మనిషి అని ఇందాక అన్నాను. ఆ రోజుకు ఆడారు, నన్ను కాపాడటానికో, ఆ మనిషిని కాపాడటానికో, నేను అడగలేదు. తిలా పాపం తలా పిడికెడు. నా పిడికిలి కాస్త పెద్దది.

కాలు పోయిందని అతనికి చెప్పింది కూడా నేనే. అతను దుప్పటి కింద చెయ్యి పెట్టి తడుముకుని, "పడవకి గెడ ఎట్టా వేసేది నర్సమ్మా" అన్నాడు. ఆ సరస్సులో పడవ నడపాలంటే రెండు కాళ్లూ తన్ని నిలబడి గెడను బురదలోకి దించాలి. వల లాగాలంటే నీళ్లలో దిగి నడవాలి. కూర్చుని చేసే పని ఆడవాళ్లది, ఎండుచేపలు తిరగేయడం. "అలవాటవుతుంది" అన్నాను. రోగులకు మేం చెప్పే మాట అది.

అతను ఇంటికి పోయిన నెలన్నరకు ఒక మనిషి డ్రెస్సింగుకు వచ్చాడు. రోడ్డు మీది ఊళ్లో రైసు మిల్లు కూలీ. నెల్లూరు ఆస్పత్రి కాగితం చూపించాడు. గేటు దగ్గర కాల్పుల్లో కింద పడినవాళ్లలో ఒకడు. ప్యాంటు పైకి మడవమన్నాను. కుడి తొడ వెనక, మోకాలికి ఎనిమిది వేళ్ల పైన పొడుగాటి మచ్చ ఉంది. చివర కాస్త పుండు మిగిలి ఉంది. అతను వరండా మెట్లు తనే ఎక్కి వచ్చాడు. కొంచెం ఈడుస్తున్నాడు, అంతే.

"ఎప్పుడు కోశారు?" అన్నాను.

"ఆ పొద్దున్నే. పోలీసోళ్లే వ్యానులో ఏసుకుని పోయినారు. మంచానికి గొలుసేసి కట్టేసినారమ్మా, పారిపోతానని. యాడికి పారిపోతా నేను. పుండు కోసి, కుట్టకుండా అట్నే తెరిచి పెట్టినారు పది దినాలు. నేను తిట్టినా, కుట్టడం కూడా రాదా మీకు అని." అతను నవ్వాడు.

"మరి కేసు?"

"ఎత్తేసినారు. అందరి మీదా ఎత్తేసినారు. పైనుంచి ఆర్డరంట. పట్టుకుపోయినోళ్లందర్నీ ఇడిసిపెట్టేసినారు."

నేను ఆ మచ్చను కడుగుతూ ఉన్నాను. చాలాసేపు కడిగానేమో, "చాల్లేమ్మా" అన్నాడు.

ఆ తర్వాత నేను వేరే ఊళ్లలో, పెద్ద ఆస్పత్రుల్లో కూడా పనిచేశాను. రెండు రకాల దెబ్బలూ చూశాను, వేళ్ల మీద లెక్కపెట్టుకునేటన్ని. పోలీసు తూటా వేరు, పిట్టల గుండు వేరు, ఆ సంగతి ఎవరైనా చెబుతారు. కానీ నేను చూసినంతలో, మనిషి ఏమవుతాడన్నది తుపాకిని బట్టి సగమే. మిగతా సగం ఎవరు మోసుకొచ్చారు, ఎంతసేపటికి తెచ్చారు, తెచ్చి ఏం చెప్పారు అన్నదాన్ని బట్టి. కాల్చినవాడు మోసుకొస్తే దాచడానికి ఏమీ ఉండదు. అది బాతులు కొట్టేవాడైనా, పోలీసైనా. ఆ కూలీని కాల్చినవాళ్లే మోసుకుపోయారు, గొలుసు వేశారు, కాలు దక్కింది. నా రోగిని ప్రేమ ఉన్నవాళ్లు మోసుకొచ్చారు. నాకు ఈ సంగతి తెలిసి ఎవరికి లాభమో తెలియదు. తెలుసు, అంతే.

ఆమె వేసవిలో వచ్చింది, అతని భార్య. నడిచి వచ్చింది. తాటాకు బుట్టలో నాలుగు చేపలు, పైన తడి గోనె కప్పి. నేను డ్యూటీ దిగి క్వార్టరు తలుపు తీస్తుంటే మెట్టు మీద కూర్చుని ఉంది.

"ఎలా ఉన్నాడు?" అన్నాను.

"ఉండాడు నర్సమ్మా. గోడకి ఆనుకుని వల అల్లతా ఉండాడు. మాట తక్కువైపోయినాది." గోనె సర్దుతూ, "మా అన్నే చూసుకుంటా ఉండాడు. పట్టిన దాంట్లో సగం మాకే తెచ్చి పెడతాడు" అంది.

"ఇంకానా?"

"ఊళ్లో అందరూ ఆయనే కాల్చినాడనుకుంటా ఉండారు కదా. మాయన మళ్లీ వల పట్టేదాకా పెట్టాల. అది కట్టుబాటు. మాయన పట్టేది లేదు కదా నర్సమ్మా. మా వదిన రోజూ కొట్లాడతాది. ఆయన పలకడు, తెచ్చి పెట్టేసి పోతాడు."

తర్వాత ఆమె బుట్ట నా వైపు జరిపింది.

"ఇయి మీకే. ఊరికే రాలేదు నేను, ఈ మాట మీకు చెప్పాలని వచ్చినాను. ఆ దినం మీరు ఆ మాట రాయబట్టే మాయన ఇంట్లో ఉండాడు. రాయకపోతే ఈ పొద్దు జైల్లో కుళ్లతా ఉండును. కాలు పోతే పోయింది. మనిషిని మిగిల్చినారు. మా బిడ్డలకి కూడా చెప్పినాను, ఆ నర్సమ్మే మనకి దేవుడని."

కేసులు ఎత్తేశారని ఆమెకు తెలియదు. ఆ పల్లెకు రోడ్డు లేదు, పేపరు రాదు. ఇంకా భయపడుతూనే ఉన్నారు. ఆ సంగతి చెబితే ఆ భయం పోతుంది. దాంతోపాటు ఇంకోటి కూడా పోతుంది. ఆమె లెక్కలు రాని మనిషి కాదు, కాలు ఊరికే పోయిందని నా ముఖం చూస్తూ చూస్తూనే తేల్చుకునేది. నేను నోరు తెరిచాను. "ఎండగా ఉంది, మంచినీళ్లు తాగుతావా" అన్నాను.

తాగింది. చెంబు కడిగి బోర్లించి, కొంగుతో మెడ తుడుచుకుని, వస్తానని చెప్పి పోయింది. రోడ్డు మలుపు దాకా కనిపించింది. పిలవడానికి చాలా సమయం ఉంది.

ఎండాకాలం చేపలు ఆగవు. కోసి, ఉప్పుతో తోమి కడిగి, చింతపండు నానేసి, పుల్లమామిడి ముక్కలు వేసి పులుసు పెట్టాను. అన్నం వండుకున్నాను. కూర్చుని తిన్నాను. ముళ్లు తీసి పక్కన పెట్టుకుంటూ, నాలుగూ అయిపోయేదాకా తిన్నాను.